ఫోన్ డబ్బా మీద చెట్టు గుర్తు: సర్టిఫికెట్ ఎవరిది, కర్ర ఎవరిది?

మీ ఇంట్లో అటక మీదో బీరువా పైనో పాత ఫోన్ డబ్బాలు రెండు మూడైనా ఉంటాయి. అమ్మేటప్పుడు బిల్లూ బాక్సూ ఉంటే నాలుగు రాళ్లు ఎక్కువొస్తాయని అందరం దాచేవాళ్లమే. ఒకటి కిందకి దించి అడుగు వైపు తిప్పి చూడండి. ఐఎంఈఐ స్టిక్కరు, ఎంఆర్‌పీ, తయారీ నెల, అడ్డగీతలు కొట్టిన చెత్తబుట్ట బొమ్మ ఉంటాయి. చాలా డబ్బాల మీద వాటి పక్కనే ఇంకో చిన్న బొమ్మ ఉంటుంది. సగం టిక్ మార్కు, సగం చెట్టు. కింద ఎఫ్‌ఎస్‌సీ అనే మూడక్షరాలు, దాంతోపాటు మిక్స్ అనో రీసైకిల్డ్ అనో ఒక మాట, చివర్లో ‘సి’తో మొదలయ్యే ఒక నంబరు.

అన్‌బాక్సింగ్ వీడియోల్లో దీనికి దక్కేది రెండే సెకన్లు. ప్యాకేజింగ్ కూడా ఎకో ఫ్రెండ్లీ అనేసి కేబుల్ దగ్గరికి వెళ్లిపోతారు. కింద కామెంట్లలో ఎవరో ఒకరు, చార్జర్ తీసేసి చెట్టు బొమ్మ వేశారని జోకేస్తారు. ఆ మెచ్చుకోలూ, ఆ వెటకారమూ రెండూ అసలు విషయాన్ని వదిలేస్తున్నాయి. ఆ గుర్తు ఉత్తుత్తిది కాదు, దాని వెనక ఆడిట్లు ఉంటాయి, ఫీజులు ఉంటాయి, తప్పు దొరికితే సర్టిఫికెట్ పోవడం కూడా ఉంటుంది. కాకపోతే అది చెప్పేది మనం అనుకునే సంగతి కాదు.

పటమటలో కూర్చుని ఫోన్లు రివ్యూ చేసుకునేవాడికి అడవుల సర్టిఫికెట్‌తో ఏం పని అంటారా? ఇక్కడి నుంచి హైదరాబాద్ రోడ్డెక్కి గంట ప్రయాణిస్తే కంచికచర్ల, నందిగామ. అక్కడ కాగితం కోసమే చెట్లు పెంచే రైతులున్నారు. సుబాబుల్, జామాయిల్ కర్ర నిండుగా వేసుకుని తాళ్లు బిగించి పోయే లారీలు ఈ జిల్లాలో ఎవరికీ కొత్త కాదు. ప్రపంచంలో ఏ దేశం ఈ సర్టిఫికెట్‌ని ఎలా వాడుకుందో చూశాక నాకు అర్థమైంది ఒకటే: అది ఎవరి పేరు మీద ఉంటే బేరం చేసే బలం వాళ్లదే. మన దగ్గర అది రైతు పేరు మీద లేదు.

గుర్తు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ముందు కాస్త నేపథ్యం. 1992లో రియోలో ప్రపంచ దేశాలన్నీ కూర్చున్నా, అడవుల మీద అందరూ కట్టుబడే ఒప్పందం కుదరలేదు. ప్రభుత్వాలతో అయ్యే పని కాదనుకుని పర్యావరణ సంఘాలు, కలప వ్యాపారులు, స్థానిక తెగల ప్రతినిధులు కలిసి 1993లో టొరంటోలో ఫారెస్ట్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ పెట్టుకున్నారు. అదే ఈ ఎఫ్‌ఎస్‌సీ. ఇప్పుడు దాని కేంద్రం జర్మనీలోని బాన్‌లో ఉంది. దానికి పోటీగా 1999లో యూరప్‌లో పీఈఎఫ్‌సీ అనే ఇంకో వ్యవస్థ వచ్చింది. అది ఎందుకొచ్చిందన్నది మన కథకి చాలా ముఖ్యం, కాసేపట్లో చెబుతాను.

సర్టిఫికెట్లు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి చెట్లు పెంచే చోటికి: ఎలా నరుకుతున్నారు, తిరిగి నాటుతున్నారా, ప్రమాదకరమైన పురుగుమందులు వాడుతున్నారా, కూలీలకి రక్షణ ఉందా, అక్కడి జనం హక్కులు తొక్కేస్తున్నారా అని చూస్తుంది. రెండోది ఆ తర్వాత కర్ర చేతులు మారే ప్రతి చోటుకీ: పల్ప్ మిల్లు, కాగితం మిల్లు, వ్యాపారి, డబ్బా చేసే ప్రింటర్. దీన్ని చైన్ ఆఫ్ కస్టడీ అంటారు. ఈ గొలుసులో ఒక్క లింకుకి సర్టిఫికెట్ లేకపోయినా ఆఖరి వస్తువు మీద గుర్తు వేయకూడదు.

ఇక్కడే మనవాళ్లు పొరబడతారు. ఐఎంఈఐ ఉందనుకోండి, అది ఆ ఒక్క ఫోన్‌దే. 14422కి మెసేజ్ కొడితే ఆ ఫోన్ జాతకం వస్తుంది. డబ్బా మీద ఉండే ఎఫ్‌ఎస్‌సీ నంబరు అలాంటిది కాదు. అది లైసెన్స్ నంబరు. ఎఫ్‌ఎస్‌సీ వాళ్ల సర్టిఫికెట్ వెతికే పేజీలో కొడితే చాలాసార్లు ఫోన్ కంపెనీ పేరు కూడా రాదు. చైనాలోనో, నోయిడా వైపో, మరెక్కడో డబ్బాలు చేసే ప్యాకేజింగ్ కంపెనీ పేరు వస్తుంది. ఆ కంపెనీ సర్టిఫికెట్ బతికుందా, సస్పెండ్ అయ్యిందా, ఎప్పటిదాకా చెల్లుతుంది అన్నది తెలుస్తుంది. మీ చేతిలో ఉన్న అట్ట ఏ దేశం చెట్టుదో మాత్రం తెలియదు. వ్యవస్థ కట్టిందే అలా. ప్రతి చేతికీ సర్టిఫికెట్ ఉందని చెబుతుంది గానీ, మొదటి చెయ్యి ఎవరిదో చెప్పదు.

దాని మీద రాసి ఉండే మాట కూడా చూడాలి. వంద శాతం అని ఉంటే మొత్తం సర్టిఫైడ్ అడవి కర్రే. రీసైకిల్డ్ అంటే పాత కాగితం నుంచి వచ్చింది. ఫోన్ డబ్బాల మీద ఎక్కువగా కనిపించే మిక్స్ ఈ రెండింటి మధ్యలోది. వస్తువులో కనీసం 70 శాతం సర్టిఫైడ్ లేదా రీసైకిల్డ్ సరుకు ఉండి, మిగతాది ‘కంట్రోల్డ్ వుడ్’ అయితే సరిపోతుంది. ఈ కంట్రోల్డ్ వుడ్ సర్టిఫైడ్ కలప కాదు. దొంగ నరుకుడు, హక్కుల ఉల్లంఘన, అరుదైన అడవులకి ముప్పు, సహజమైన అడవిని కొట్టేసి తోటలు వేయడం, జన్యుమార్పిడి చెట్లు... ఈ అయిదు కేటగిరీలకి చెందదని చూసుకున్న కలప, అంతే. పైగా క్రెడిట్ పద్ధతి అని ఒకటి ఉంది. మిల్లులోకి ఎంత సర్టిఫైడ్ కర్ర వెళ్లిందో ఆ లెక్కకి సరిపడా సరుకు మీద మిక్స్ గుర్తు వేసుకోవచ్చు. మన ఇంటి మీద సోలార్ ప్యానెల్ పెట్టి గ్రిడ్‌కి కరెంట్ అమ్మినట్టన్నమాట. యూనిట్ల లెక్క సరిగ్గానే ఉంటుంది, కానీ మీ ఫ్యాన్ తిరిగింది ఏ కరెంటుతో అంటే ఎవరూ చెప్పలేరు.

నా మటుకు ఈ పద్ధతిలో తప్పేం లేదు. పల్ప్ గుంజులాంటిది, ఒకసారి కలిశాక విడదీయలేం. అయితే మిక్స్ గుర్తు చూసి ఈ డబ్బా వల్ల ఒక్క అడవి చెట్టుకీ హాని జరగలేదని రివ్యూలో రాస్తే అది అతి అవుతుంది.

మొదలైంది వర్షారణ్యాల కోసం, పాకింది చలిదేశాల్లో

ఎఫ్‌ఎస్‌సీ పుట్టినప్పుడు అందరి దృష్టీ అమెజాన్, కాంగో, బోర్నియో మీదే. ముప్పై ఏళ్లు గడిచాక చూస్తే సర్టిఫైడ్ అడవిలో సింహభాగం యూరప్, ఉత్తర అమెరికాల్లోనే ఉంది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఆడిటర్ వచ్చి చూసే ఖర్చు, మ్యాపుల ఖర్చు, రికార్డుల ఖర్చు అడవి చిన్నదైనా పెద్దదైనా ఒక స్థాయికి తగ్గదు. కెనడాలో అడవుల్లో 90 శాతం దాకా ప్రభుత్వానివే, వాటిలో లక్షల హెక్టార్లు ఒక్కో కంపెనీ చేతిలో నడుస్తాయి. అంత విస్తీర్ణం మీద పంచితే హెక్టారుకి పడేది చిల్లర. రెండెకరాల రైతు మీద పడితే అదే ఖర్చు పంట మొత్తాన్ని మింగేస్తుంది.

యూరప్‌లో చిన్న రైతులకి ఈ తిప్పలు మనకంటే ముందే వచ్చాయి. ఫిన్లాండ్‌లో అడవుల్లో దాదాపు 60 శాతం మామూలు కుటుంబాల సొంతం. తాతల నుంచి వచ్చిన పాతికో ముప్పయ్యో హెక్టార్ల అడవి, పదిహేను ఇరవై ఏళ్లకొకసారి ఒక ముక్క నరికి అమ్ముకుంటారు. ఎఫ్‌ఎస్‌సీ నియమాలు పెద్ద ఎస్టేట్‌లకి నప్పుతాయి, మాకు కుదరవని ఇలాంటి కుటుంబాల సంఘాలు గట్టిగా అన్నాయి. అలా పుట్టిందే పీఈఎఫ్‌సీ. ఊరూరా విడివిడిగా కాకుండా ఒక ప్రాంతం మొత్తానికి గ్రూప్ సర్టిఫికెట్ తీసుకునే దారి పెట్టుకున్నారు. ఈరోజు ఫిన్లాండ్ అడవుల్లో సుమారు పదింట తొమ్మిది వంతులు పీఈఎఫ్‌సీ కింద ఉన్నాయి. ఆ నియమాలు ఎఫ్‌ఎస్‌సీ కంటే మెత్తనివని విమర్శ ఉంది. నాకూ అందులో కొంత నిజం కనిపిస్తుంది. కానీ చిన్న కమతాలకి ఇది సాధ్యం కాదనే వాదనకి ఆ ఒక్క దేశం చాలు జవాబుగా.

మిగతా దేశాల సంగతులు ఒక్కో తీరు. గాబన్‌లో అప్పటి అధ్యక్షుడు అలీ బోంగో 2018లో ఒకే మాట చెప్పాడు: 2022 కల్లా దేశంలో కలప లీజులన్నీ ఎఫ్‌ఎస్‌సీ తీసుకోవాలి, లేకపోతే లీజు పోతుంది. ఆ గడువు జారిపోయింది. పైనుంచి హుకుం జారీ చేసినంత మాత్రాన ఆడిటర్లు, మ్యాపులు, చదువుకున్న సిబ్బంది ఊడిపడరు కదా. ఇండోనేషియా వేరే దారి పట్టింది. బయటివాళ్ల గుర్తు కోసం చూడకుండా, కలప చట్టబద్ధమైనదేనని తేల్చే సొంత వ్యవస్థ పెట్టి దాన్ని తప్పనిసరి చేసింది. ఆ కాగితాలతో 2016 నవంబర్ నుంచి యూరప్‌కి నేరుగా లైసెన్స్‌తో ఎగుమతి చేసే మొదటి దేశమైంది. ఈ ఇండోనేషియాలోనే పెద్ద కాగితం కంపెనీ ఏషియా పల్ప్ అండ్ పేపర్‌తో ఎఫ్‌ఎస్‌సీ 2007లో తెగతెంపులు చేసుకున్న చరిత్ర కూడా ఉంది.

రష్యా కథ ఇంకోటి. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యే నాటికి ఎఫ్‌ఎస్‌సీ కింద అత్యధిక విస్తీర్ణం ఉన్న దేశాల్లో అది ముందు వరసలో ఉంది. మార్చి వచ్చేసరికి రష్యా, బెలారస్ కలప మొత్తాన్నీ ఎఫ్‌ఎస్‌సీ, పీఈఎఫ్‌సీ రెండూ పక్కన పెట్టేశాయి. చెట్లు మారలేదు, నరికే పద్ధతి మారలేదు, గుర్తు మాత్రం పోయింది. ఆ నిర్ణయం సరైనదే అనుకుంటాను నేను. కానీ ఈ గుర్తు ఒట్టి చెట్ల పరీక్ష మాత్రమే కాదని, మార్కెట్టూ రాజకీయమూ కలిసిందని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

విమర్శలు లోపలి నుంచి కూడా వచ్చాయి. గ్లోబల్ విట్‌నెస్ సంస్థ 2011లో, గ్రీన్‌పీస్ ఇంటర్నేషనల్ 2018లో ఎఫ్‌ఎస్‌సీ సభ్యత్వం వదిలేశాయి. ఎఫ్‌ఎస్‌సీ గుర్తున్న ఉక్రెయిన్ కలపలో అక్రమంగా నరికినది కలుస్తోందని 2020లో ఎర్త్‌సైట్ అనే సంస్థ నివేదిక ఇచ్చింది. గొలుసులో ప్రతి లింకూ తన ముందున్న లింకు కాగితాన్ని నమ్మడం మీదే ఇదంతా నడుస్తుంది, అక్కడే లొసుగు.

మన దగ్గర అడవి అంటే చేను

ఇక ఇంటికొద్దాం. ఒకప్పుడు రాజమండ్రి, సిర్పూర్ కాగితం మిల్లులు ఏజెన్సీ అడవుల వెదురు మీద బతికాయి. 1988 జాతీయ అటవీ విధానం ఆ దారి చాలావరకు మూసేసింది. పరిశ్రమకి కావాల్సిన కర్ర పరిశ్రమే రైతులతో కలిసి పెంచుకోవాలి, ప్రభుత్వ అడవి ఇవ్వం అంది. నా దృష్టిలో అది ఈ దేశంలో అడవికి జరిగిన మంచి పనుల్లో ఒకటి. దాని ఫలితమే నందిగామ, మైలవరం, జగ్గయ్యపేట మెట్ట చేలల్లో సుబాబుల్, ప్రకాశం వైపు జామాయిల్, సముద్రం ఒడ్డు ఇసుక నేలల్లో సరుగుడు. మిల్లులే నర్సరీలు పెట్టాయి. ఐటీసీ భద్రాచలం క్లోన్ మొక్కలు అంటే దేశమంతా తెలుసు.

భద్రాచలం పక్కన సారపాకలో ఉన్న ఆ ఐటీసీ మిల్లు, రైతుల తోటలకి ఎఫ్‌ఎస్‌సీ అటవీ నిర్వహణ సర్టిఫికెట్ తెప్పించింది. వేల మంది చిన్న రైతులని ఒక గ్రూపుగా చూపించి, రికార్డులు, శిక్షణ, ఆడిట్ ఖర్చు కంపెనీయే చూసుకోవడం ఆ పద్ధతి. ఇందులో మెచ్చుకోవాల్సింది ఉంది. కంపెనీ పూనుకోకపోతే ఆ ఖర్చు భరించే నాథుడు అప్పట్లో లేడు.

కానీ దాని ఆకారం చూడండి. గ్రూపు నడిపేదీ కంపెనీయే, కర్ర కొనేదీ కంపెనీయే. ఇంకో మిల్లు పది రూపాయలు ఎక్కువిస్తానంటే రైతు తన సర్టిఫికెట్ పట్టుకుని అక్కడికి వెళ్లలేడు, అది అతని జేబులో లేదు కాబట్టి. ఫోన్ భాషలో చెప్పాలంటే ఇది క్యారియర్ లాక్. హ్యాండ్‌సెట్ మీదే, సిమ్ మాత్రం వాళ్లు చెప్పిందే.

నందిగామ వైపు సుబాబుల్ వేసినవాళ్లని ఎవరినైనా పలకరించండి. వాళ్లు మాట్లాడేది కాటా గురించి, తొక్క తీసిన కర్రకి ఎంత తీయనిదానికి ఎంత అన్నదాని గురించి, దళారి గురించి, కొట్టుడు కూలి పెరిగిన దాని గురించి, డబ్బులు ఎన్నాళ్లకి పడతాయన్నదాని గురించి. మిల్లు కొనడం తగ్గిస్తే ఒకేసారి అందరి కర్రా మార్కెట్ మీద పడి రేటు పడిపోతుంది. విసుగొచ్చి మోళ్లు పీకించేసి మిర్చికో పత్తికో మళ్లినవాళ్లూ ఉన్నారు. సర్టిఫైడ్ తోట కాబట్టి టన్నుకి ఇంత అదనం అన్న మాట మాత్రం మా వైపు రేట్ల చర్చలో నేను విన్నది లేదు. ఆ డబ్బా కొన్న మనం ఆ గుర్తుకి మార్కులేస్తాం, గొలుసులో మొదటి చెయ్యి మాత్రం మామూలు కర్ర రేటే తీసుకుంటుంది.

నియమాల కొలతలు కూడా మన నేలకి కుట్టినవి కావు. ఎఫ్‌ఎస్‌సీలో చిన్న యజమానులకి కాగితాల పని తగ్గించే ఏర్పాటు ఉంది. అందులో ‘చిన్న’ అంటే 100 హెక్టార్ల దాకా. అంటే 250 ఎకరాలు! మన రాష్ట్రంలో 1973 భూసంస్కరణల చట్టం ప్రకారం మెట్ట భూమికి గరిష్ఠ పరిమితే 54 ఎకరాలు. బాన్‌లో చిన్న రైతు అనిపించుకునేవాడు బందరు దగ్గర సీలింగ్ కేసులో ఇరుక్కుంటాడు.

ఇంకో మాట. గుర్తులో చెట్టు బొమ్మ చూసి మనసులో అడవి ఊహించుకుంటాం. మన విషయంలో అది నాలుగేళ్లకోసారి నరికే, వరసలు తీర్చిన తోట. నీళ్లు తాగేస్తాయన్న భయంతో పక్కనున్న కర్ణాటక 2017లో కొత్తగా జామాయిల్ నాటడమే ఆపేసింది. ఆ వాదనలో బరువుంది. అయినా అడవి వెదురు కొట్టడం కన్నా చేలో సుబాబుల్ నయం అనే నా అభిప్రాయం. తోటని తోట అనే పిలవాలని మాత్రం అంటాను.

క్వాంగ్ ట్రీ రైతులు చేసిన పని

మన సుబాబుల్ రైతుకి అచ్చంగా సరిపోయే పోలిక ఫిన్లాండ్ కాదు, వియత్నాం. అక్కడ మధ్య భాగంలో క్వాంగ్ ట్రీ అని ఒక ప్రాంతం. యుద్ధంలో బాంబులు పడి నాశనమైన నేల. అక్కడి కుటుంబాలు కొండవాలుల్లో తుమ్మ జాతి చెట్టు అకేసియా పెంచుతాయి, ఒక్కొక్కరిదీ కొద్ది హెక్టార్లే. నాలుగైదేళ్లకే నరికి పల్ప్ చిప్స్‌కి అమ్మేసుకునేవాళ్లు. మన కథే.

2010లో ఈ రైతుల గ్రూపు వియత్నాంలో చిన్న రైతులకి దక్కిన మొదటి ఎఫ్‌ఎస్‌సీ గ్రూప్ సర్టిఫికెట్ సంపాదించింది. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ లాంటి సంస్థలు మొదట్లో డబ్బూ శిక్షణా ఇచ్చాయి. అయితే సర్టిఫికెట్ రైతుల సంఘం చేతిలో ఉంది. దాంతో బేరం మారింది. ఎగుమతి ఫర్నిచర్ చేసే ఫ్యాక్టరీలకి సర్టిఫైడ్ దుంగలు కావాలి. చెట్టుని ఇంకొన్నేళ్లు ఉంచి లావెక్కనిస్తే చిప్స్ రేటు కాకుండా దుంగ రేటు వస్తుంది, దాని పైన సర్టిఫికెట్‌కి అదనం. సంఘం తరఫున కొనేవాళ్లతో మాట్లాడే మనిషి ఉంటాడు. ఆ తర్వాత వియత్నాం సొంత జాతీయ పథకం కూడా తెచ్చుకుంది, దానికి 2020లో పీఈఎఫ్‌సీ గుర్తింపు వచ్చింది.

అక్కడంతా స్వర్గమనట్లేదు. తుఫాను వస్తే చెట్లు పడిపోతాయి, డబ్బు అవసరమైతే ముందే నరికేస్తారు, బయటి సాయం ఆగితే ఆడిట్ ఫీజు బరువవుతుంది. కానీ సర్టిఫికెట్ రైతుల దగ్గరుంటే ఎవరికి అమ్మాలో ఎప్పుడు నరకాలో వాళ్లు ఆలోచించుకోగలరని మాత్రం రుజువైంది. మన దగ్గర రైతు ఉత్పత్తిదారుల సంఘాలు లేవా అంటే ఉన్నాయి. మామిడికి ఉన్నాయి, మిర్చికి ఉన్నాయి. కర్రకి కూడా ఆ సంఘమే సర్టిఫికెట్ పెట్టుకుంటే ఆ జాబితా పట్టుకుని రాజమండ్రికీ, సారపాకకీ, సిర్పూర్‌కీ ముగ్గురికీ ఒకేసారి రేటు అడగొచ్చు.

కొత్త చట్టాలు, పాత సందులు

యూరప్ వాళ్లకి కూడా ఈ గుర్తులు చాలవనిపించింది. 2023లో అడవుల నరికివేతకి వ్యతిరేకంగా ఒక చట్టం తెచ్చారు. కలప, కాఫీ, కోకో, రబ్బరు, సోయా, పామాయిల్, పశువులు... ఇవి యూరప్‌లో అమ్మాలంటే పండిన నేల జీపీఎస్ కొలతలతో సహా చూపించాలి, 2020 డిసెంబర్ 31 తర్వాత అక్కడ అడవి కొట్టి ఉండకూడదు. అమలు మాత్రం ఒకసారి కాదు, రెండుసార్లు వాయిదా పడింది. ఇందులో గమనించాల్సింది, ఎఫ్‌ఎస్‌సీ ఉన్నంత మాత్రాన పాసైనట్టు కాదు. సర్టిఫికెట్ ఆధారాల్లో ఒకటిగా పనికొస్తుంది, అంతే. అరకు కాఫీ అమ్మేవాళ్లు తోటలకి మ్యాపులు గీయించుకునే తంటా ఇందుకే.

తమాషా ఏంటంటే ఇన్ని నియమాలున్న ఆ చట్టం, ఫోన్‌తోపాటు వచ్చే డబ్బాని వదిలేసింది. ఖాళీ డబ్బాలు సరుకుగా అమ్మితే లెక్కలోకి వస్తాయి. వేరే వస్తువుని కాపాడ్డానికి వాడిన ప్యాకింగ్ అయితే రావు. కాబట్టి ఫోన్ డబ్బా వరకు ఆ చిన్న చెట్టు గుర్తే మనకున్న ఆధారం. దాన్ని సరిగ్గా చదవాలని ఇంతగా చెబుతున్నది అందుకే.

మన ప్రభుత్వం కూడా ఊరుకోలేదు. 2023 డిసెంబర్‌లో కేంద్ర పర్యావరణ శాఖ భారతీయ అటవీ, కలప సర్టిఫికేషన్ పథకం ప్రకటించింది. అందులో నాకు నచ్చింది ఒకటుంది: అడవి బయట ఉన్న చెట్లకి, అంటే చేల గట్ల మీదా తోటల్లోనూ పెరిగేవాటికి, విడిగా ఒక సర్టిఫికెట్ పెట్టారు. మన దేశం అసలు కలప అక్కడే పండుతుందని కాగితం మీద ఒప్పుకోవడమే పెద్ద విషయం. నచ్చనిది ఏంటంటే, స్వచ్ఛందం అన్నారు, సరే. ఖర్చు ఎవరు పెట్టుకుంటారు అన్నచోట మళ్లీ చూపు కంపెనీల వైపే పోతుంది. యూరప్‌లో కొనేవాడు దీన్ని ఒప్పుకోకపోతే, ఎగుమతి చేసే మిల్లు ఎఫ్‌ఎస్‌సీ కూడా కట్టాల్సిందే, అప్పుడు రెండు ఫీజులు.

మా దగ్గర కొండపల్లి బొమ్మల్ని తీసుకోండి, మరో కోణం కనిపిస్తుంది. బొమ్మకి జీఐ ట్యాగ్ ఉంది, ఎక్కడ చేశారో చెబుతుంది. దానికి వాడే తెల్లపొణికి కర్ర మాత్రం చుట్టుపక్కల కొండల్లో తగ్గిపోయి కళాకారులు వెతుక్కోవాల్సి వస్తోంది. పదెకరాల్లో పొణికి పెంచే రైతుకీ, బొమ్మలు చెక్కే కుటుంబానికీ కలిపి ఒక చిన్న సర్టిఫికెట్ దొరికితే ఆ బొమ్మ ఎక్కడైనా తల ఎత్తుకుని అమ్ముడవుతుంది. ప్రస్తుతం ఆ బొమ్మని ప్యాక్ చేసే అట్టపెట్టెకి చెట్టు గుర్తు ఉండొచ్చు, లోపలి బొమ్మకి మాత్రం ఉండదు.

రివ్యూల్లో మనం చేయగలిగింది

డబ్బా గురించి ఇంత గొడవ అవసరమా అనేవాళ్లకి నేనూ సగం ఒప్పుకుంటాను. ఫోన్ విషయంలో పర్యావరణానికి అసలు మేలు అది ఎన్నేళ్లు పనిచేస్తుందన్న దాంట్లో ఉంది. ఏడేళ్ల అప్‌డేట్లు, సులువుగా మారే బ్యాటరీ ముందు డబ్బా చిన్న విషయమే. 2020లో ఐఫోన్ 12తో చార్జర్ తీసేసినప్పుడు డబ్బా పల్చబడి, ఒక్కో ప్యాలెట్‌లో 70 శాతం ఎక్కువ పెట్టెలు పడుతున్నాయని యాపిల్ చెప్పుకుంది. శాంసంగ్ 2019లోనే, ఏడాదిలోగా ప్యాకింగ్‌కీ మాన్యువల్స్‌కీ సర్టిఫైడ్ కాగితం తప్ప వాడనంది. కంపెనీలే దీన్ని గొప్పగా చెప్పుకుంటున్నప్పుడు, ఆ గొప్ప ఎంతో కొలవడం రివ్యూ రాసేవాడి పనే.

కొలవడం కష్టమేం కాదు. డబ్బా తెరిచి చూస్తే లోపల మూడు రకాల సరుకు ఉంటుంది. పైమూత గట్టి అట్ట చాలావరకు బూడిదరంగు రీసైకిల్డ్ బోర్డు, దాని మీద అతికించిన తెల్ల ఆర్ట్ పేపర్, ఫోన్ కూర్చునే ట్రే. ఈ ట్రే చాలా బ్రాండ్లలో ఇప్పుడు ప్లాస్టిక్ పోయి చెరకు పిప్పితోనో వెదురుతోనో వస్తోంది. చెరకు పిప్పికి ఎఫ్‌ఎస్‌సీ అక్కర్లేదు, అది అడవి సరుకు కాదు. మా పటమట నుంచి బందరు రోడ్డు పట్టుకుని ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ దాకా వెళ్తే కుప్పలు కనిపిస్తాయి ఆ పిప్పి. గుర్తు లేని ఆ ట్రే, మిక్స్ గుర్తున్న మూత కన్నా నేల మీద తేలికైనదై ఉండొచ్చు.

అందుకే నా సూచన: చెట్టు బొమ్మ కనిపించిందని రివ్యూలో మార్కు వేయడం మానేద్దాం. దాని బదులు ఒక లైను రాద్దాం. వంద శాతమా, మిక్సా, రీసైకిల్డా. లైసెన్స్ నంబరు వెతికితే ఎవరి పేరు వచ్చింది, చెల్లుతోందా. ట్రే దేంతో చేశారు, లోపల ప్లాస్టిక్ ఎంత. రెండు నిమిషాల పని. చెల్లని నంబరు దొరికితే అది స్పీకర్ పగలడం కన్నా పెద్ద వార్త.

బ్రాండ్లని అడగాల్సింది ఇంకొకటుంది. 2015 నుంచి మన శ్రీసిటీలో ఫోన్లు అసెంబుల్ అవుతున్నాయి. ఫోన్ ఇక్కడ, అట్ట మిల్లులు ఇక్కడ, కర్ర ఇక్కడ. లాంచ్ ఈవెంట్లలో మేడ్ ఇన్ ఇండియా శాతాలు చెప్పే కంపెనీలు, డబ్బా అట్ట ఏ మిల్లుదో, ఆ మిల్లు కర్ర కొన్న జిల్లా ఏదో, సర్టిఫైడ్ తోట రైతుకి టన్నుకి ఎంత అదనంగా ఇచ్చిందో చెప్పగలవు. ఇకపై ఏ బ్రాండు ప్రెస్‌నోట్‌లో సస్టెయినబుల్ ప్యాకేజింగ్ అనే మాట కనిపించినా ఈ మూడు ప్రశ్నలు మెయిల్ పెడతాను. జవాబు వస్తే జవాబు, రాకపోతే ఎన్ని రోజులు ఎదురుచూశానో రివ్యూ చివర్లో రాస్తాను.